ఆషాఢం తగ్గింపు: తగ్గేది ధరా, రైతు చేతి సొమ్మా?

రాజమహేంద్రవరం: ఆషాఢ మాసం వస్తోందంటే చాలు, గోదావరి జిల్లాల పట్టణాల్లో వస్త్ర దుకాణాల ముందు తగ్గింపు బోర్డులు లేస్తాయి. "సగం ధరకే", "ఒకటి కొంటే ఒకటి ఉచితం", "నేడే ఆఖరు" అంటూ మైకు కట్టిన ఆటోలు ఊరూరా తిరుగుతాయి. శ్రావణంలో పెళ్లి పెట్టుకున్న ఇళ్లవారు, వరలక్ష్మీ వ్రతానికి చీర కొనాలనుకున్నవారు, మరేమీ అవసరం లేకపోయినా "చవగ్గా వస్తోంది కదా" అనుకున్నవారు బస్సులెక్కి పట్నం చేరుకుంటారు. సాయంత్రానికి చేతి నిండా సంచులతో, ఖాళీ అయిన పర్సుతో తిరిగి వస్తారు.

ఈ సందడి ఏ రోజుల్లో వస్తుందో గమనించాలి. ఆషాఢం సాధారణంగా జూన్, జూలై నెలల్లో పడుతుంది. కాలువలకు నీరు వదిలాక ఆకుమళ్లు పోసి, దమ్ము చేయించి, ఊడ్పులకు కూలీలను కుదుర్చుకునే రోజులవి. దాళ్వా ధాన్యం అమ్మగా వచ్చిన సొమ్ము ఇంట్లో ఉండేదీ, ఆ సొమ్మునే సార్వాకు మదుపు పెట్టవలసిందీ అప్పుడే. మన వైపు "పెట్టుబడి" అనే మాటకు రెండర్థాలున్నాయి. పొలంలో పెట్టుబడి అంటే విత్తనం, ఎరువు, కూలి. ఇంట్లో పెట్టుబడి అంటే శుభకార్యాలకు చుట్టాలకు పెట్టే బట్టలు. ఆషాఢంలో ఈ రెండు పెట్టుబడులూ ఒకే మూటలోంచి పోవాలి. బట్టల కొట్లో పదివేలు అనుకున్నది ఇరవై వేలయితే, ఆ తేడా పొలంలో ఎరువు దగ్గర తేలుతుంది. లేదా వడ్డీ వ్యాపారి దగ్గర నోటు రాయించుకుంటుంది. అందుకే తగ్గింపు అమ్మకాల వ్యవహారం సరదా కొనుగోళ్ల ముచ్చట కాదు, రైతాంగం ఆలోచించవలసిన విషయం.

అసలు తగ్గింపు ఎందుకు పుట్టింది?

తగ్గింపులన్నీ మోసమనడం న్యాయం కాదు. ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు. పెళ్లిళ్లు లేకపోతే బట్టల కొట్టుకు బేరాలూ ఉండవు. పెళ్లిళ్ల కాలంలో తెచ్చి మిగిలిపోయిన సరుకు అటకెక్కితే రంగు వెలుస్తుంది, మడతల దగ్గర చిరుగుతుంది. దాని మీద పెట్టిన అప్పుకు వడ్డీ పెరుగుతుంది. శ్రావణానికి కొత్త సరుకు తేవాలంటే చోటు కావాలి, రొక్కం కావాలి. లాభం తగ్గించుకునైనా పాత సరుకు వదిలించుకోవడం వర్తకుడికి మంచిదే, కొనేవారికీ మంచిదే. ఇది నిజమైన తగ్గింపు.

చేనేత సహకార సంఘాలు, ఆప్కో దుకాణాలు పండుగల వేళ ఇచ్చే రిబేటు మన పెద్దలకు బాగా తెలుసు. ప్రభుత్వం రిబేటు ప్రకటించినప్పుడు ఆ మేరకు భారాన్ని ప్రభుత్వం మోసేది. అక్కడ కూడా తగ్గిన రూపాయిని ఎవరు భరిస్తున్నారో తెలిసేది. తగ్గింపును పరీక్షించడానికి ఇదే మొదటి ప్రశ్న: ఈ తగ్గిన సొమ్ము ఎవరి జేబులోంచి పోతోంది? పాత సరుకైతే వర్తకుడి లాభంలోంచి, రిబేటయితే ప్రభుత్వ ఖజానాలోంచి. కొత్తగా దిగిన సరుకు మీద సగానికి సగం తగ్గింపు అంటే మాత్రం ఎవరి జేబులోంచీ పోవడం లేదేమోనని, అసలు ధరే పెంచి రాశారేమోనని అనుమానించవలసి ఉంటుంది.

కొత్త సరుకు వచ్చే ముందు పాత సరుకును వదిలించుకోవడానికి మొదలైన ఆనవాయితీ ఇప్పుడు తలకిందులయింది. తగ్గింపులో అమ్మడానికే ప్రత్యేకంగా తెప్పించే సరుకు కూడా ఉంటోంది. పెద్ద దుకాణాలకు ఆషాఢం మందకొడి నెల కాదు, అమ్మకాల నెల.

చేయి మారిన బేరం

ఒకప్పుడు బట్టల మూట సైకిలు మీద కట్టుకుని ఊరికి వచ్చే వర్తకుడుండేవాడు. అరుగు మీద మూట విప్పితే వీధిలోని ఆడవాళ్లంతా చేరేవారు. ఆయన వంద అంటే వీరు అరవై అనేవారు. డెబ్బయి అయిదు దగ్గర తెగేది. పట్నంలో తెలిసిన కొట్టుకు వెళ్లినా బేరం ఉండేది. అందులోనూ మోసం లేకపోలేదు. కాని ధర ఎంత తగ్గాలనే దానిలో కొనేవారి నోటికీ వాటా ఉండేది. పక్కింటి పిన్నిగారి సలహా ఉచితంగా దొరికేది. "రేపు రావయ్యా, ఆలోచించుకుంటాం" అనే వెసులుబాటు ఉండేది.

తర్వాత "ఒకే ధర, బేరములు లేవు" అనే కొట్లు వచ్చాయి. ఒకరికి ఒక ధర, ఇంకొకరికి ఇంకొక ధర కాకుండా అందరికీ ఒకటే కాబట్టి జనం వాటిని మెచ్చుకున్నారు. ఇప్పుడు జరుగుతున్నది మూడో పద్ధతి. మొదటి ధర చెప్పేదీ దుకాణమే; దాన్ని తగ్గించేదీ దుకాణమే; "మీకు ఇంత లాభం" అని లెక్క చెప్పేదీ దుకాణమే. అంటే బేరం పోలేదు. మన చేతిలోంచి జారి, రెండు వైపుల మాటా కొట్టువాడే మాట్లాడుకునే బేరం అయింది. శాతం అనేది ఒక కొలత. ఆ కొలతకు మొదలు ఎక్కడ పెట్టాలో అమ్మేవాడే నిర్ణయిస్తున్నాడు కనుక, ఎంత శాతం తగ్గిందని మురిసిపోవడంలో అర్థం లేదు.

శాతాల లెక్క

మామూలు రోజుల్లో రూ.1,200 పలికే చీరకు రూ.2,000 చీటీ అంటించి 40 శాతం తగ్గిస్తే ఎంత? రూ.1,200. కొన్నవారికి రూ.800 మిగిలినట్టు తోస్తుంది. నిజానికి మిగిలింది ఏమీ లేదు.

"50 శాతం, ఆపైన ఇంకో 20 శాతం" అని బోర్డు ఉంటే 70 శాతం అని చాలామంది అనుకుంటారు. రూ.1,000 సరుకుకు మొదట 50 శాతం పోతే రూ.500. ఆ అయిదు వందల మీద 20 శాతం అంటే రూ.100. కట్టవలసింది రూ.400. మొత్తం తగ్గింది 60 శాతమే.

"రెండు కొంటే ఒకటి ఉచితం" అంటే 33 శాతం తగ్గింపు. "ఒకటి కొంటే ఒకటి ఉచితం" అంటే 50 శాతం. అదీ రెండూ మనకు అవసరమైతేనే. ఒక్క చొక్కా కావలసిన వాడికి రెండో చొక్కా ఉచితం కాదు, అదనపు ఖర్చు.

"అయిదు వేలు కొంటే వెయ్యి రూపాయల కూపను" అన్నది మరో ఆకర్షణ. ఆ కూపను చెల్లాలంటే మళ్లీ అయిదు వేలు కొనాలనే షరతు ఉంటే, పదివేల సరుకుకు తొమ్మిది వేలు కట్టినట్టు. ఇరవై శాతంలా కనిపించినది పది శాతమే. ఆ పది శాతం కోసం ఇంకోసారి బస్సు చార్జీలు పెట్టుకుని వెళ్లాలి, అక్కరలేనివి కొనాలి.

ఇక "వరకు" అనే చిన్న మాట సంగతి. "70 శాతం వరకు" అన్నప్పుడు 70 అంకె ఏనుగంత ఉంటుంది, "వరకు" చీమంత ఉంటుంది. లోపలికి వెళితే 70 శాతం తగ్గింపు ఒక మూలనున్న రెండు బుట్టల సరుకుకే. మిగిలినదంతా పది, ఇరవై శాతమే. అప్పటికే మెట్లెక్కి, లోపల కూర్చున్నవారికి ఊరికే లేచి రావడం నామోషీగా ఉంటుంది. బోర్డు వేసినవారికి కావలసిందీ అదే.

చేనేత పేరుతో జరిగే తగ్గింపుల దగ్గర మరింత జాగ్రత్త అవసరం. మగ్గం మీద రోజుల తరబడి నేసిన చీరలో ఎక్కువ భాగం కూలి, నూలు, పట్టు ఖర్చే. దాన్ని 70 శాతం తగ్గించి ఎవరూ అమ్మలేరు. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన మన ఉప్పాడ జాందానీ పేరు చెప్పి నాలుగో వంతు ధరకు ఇస్తున్నారంటే, అది మరమగ్గం చీరో, అచ్చు వేసిన చీరో అయివుండే అవకాశమే ఎక్కువ. చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్, పట్టుకు సిల్క్ మార్క్ చీటీలున్నాయి. అవి ఉన్నాయో లేదో అడిగి చూడాలి. అంచు దగ్గర ఒక పోగు తీసి కాలిస్తే, పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడి అవుతుంది. పాలియెస్టరు కరిగి గట్టి ఉండ కడుతుంది.

మాటల మొహమాటం

బోర్డు లోపలికి రప్పిస్తుంది. కొనిపించే పని గుమాస్తాలది. దుకాణంలో అడుగు పెట్టగానే "రండి పిన్నిగారూ, రండి బాబాయిగారూ" అనే పలకరింపు, చల్లటి పానీయం, కూర్చోవడానికి కుర్చీ. అడిగినది ఒక చీర అయితే నలభై చీరల మడతలు విప్పి పోస్తారు. "ఇన్ని విప్పించి కొనకుండా ఎలా లేస్తాం" అనే మొహమాటం మనలో పుట్టేదాకా విప్పుతారు. ముందు పదివేల చీర చూపించి, తర్వాత ఆరువేలది చూపిస్తే ఆరువేలది చవకగా తోస్తుంది. మనం ఇంటి దగ్గర అనుకున్నది మూడు వేలన్న సంగతి అప్పటికి మరుగున పడుతుంది.

"ఈ రకంలో ఇదొక్కటే మిగిలింది" అంటారు. "ఈ ధర ఇవాళే" అంటారు. పెళ్లిబట్టలకు వియ్యాలవారితో కలిసి వెళితే "మీ స్థాయికి ఇది చాలదండీ" అని పదిమందిలో అంటారు. ఆ మాటకు ఎదురు చెప్పలేక తలూపిన ఇంటి పెద్దలు ఎందరో. చీర తీసుకున్నాక జాకెట్టు గుడ్డ, ఫాల్, లంగా అంటూ బిల్లు పొడుగవుతుంది.

అయితే గుమాస్తాను శత్రువుగా చూడనక్కరలేదు. అతడూ మన పల్లెల నుంచి పొద్దున్నే బస్సెక్కి వెళ్లినవాడే; ఆమె మన ఇళ్ల పక్క ఆడపిల్లే. చాలా దుకాణాల్లో రోజుకు ఇంత అమ్మాలని లెక్క పెడతారు. అమ్మకం మీద కమీషను ఉంటుంది. రోజంతా నిలబడే ఉండాలి. అమ్మకందార్లకు కూర్చునే సదుపాయం కల్పించాలని కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టం తెచ్చాయంటే ఈ ఉద్యోగం ఎలాంటిదో ఊహించుకోవచ్చు. వెనకనుంచి తోసేవారు ఉండబట్టే గుమాస్తా మనల్ని తోస్తున్నాడు. అతడిపై కోపం తెచ్చుకోవలసిన పని లేదు, అతడి మాటకు లొంగవలసిన పనీ లేదు. మడతలు విప్పడం అతడి ఉద్యోగం. దానికి మనం బాకీ పడం.

చట్టంలో ఏమున్నది?

తగ్గింపు పేరిట తప్పుదారి పట్టించడం నేరుగా చట్టానికి ఎక్కిన సంగతి పల్లెల్లో చాలామందికి తెలియదు. 1984లో గుత్తాధిపత్య, నిర్బంధ వాణిజ్య పద్ధతుల చట్టాన్ని సవరించినప్పుడే "అనుచిత వాణిజ్య పద్ధతులు" అనే అధ్యాయం చేరింది. 1986లో వినియోగదారుల రక్షణ చట్టం వచ్చింది. దాని స్థానంలో తెచ్చిన 2019 నాటి చట్టం 2020 జూలై నుంచి అమలులో ఉంది.

ఈ చట్టం ప్రకారం ఒక వస్తువు మామూలుగా ఏ ధరకు అమ్ముడవుతోందనే విషయంలో ప్రజలను తప్పుదారి పట్టించడం అనుచిత వాణిజ్య పద్ధతి. పెంచి రాసి తగ్గించడం ఈ కిందికే వస్తుంది. తగ్గింపు ధరకు అమ్మే ఉద్దేశం లేకుండా, లేదా తగినంత సరుకు, తగినంత వ్యవధి లేకుండా తగ్గింపు ప్రకటించడం కూడా అంతే. వస్తువు ధరలో ఖర్చు కలిపేసి, పైకి మాత్రం ఉచిత బహుమతి అని చెప్పడం తప్పు. బిల్లు ఇవ్వకపోవడం తప్పు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజులలోగా వెనక్కి తీసుకుని సొమ్ము ఇవ్వకపోవడం తప్పు. ఇంటికి వెళ్లాక రంగు నచ్చలేదంటే మాత్రం చట్టం ఆదుకోదు. అది దుకాణం నిబంధనను బట్టి ఉంటుంది కనుక, మార్చి ఇస్తారో లేదో కొనే ముందే అడగాలి.

కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ప్రకటనలపై మార్గదర్శకాలు విడుదల చేసింది. ప్రకటనలోని షరతులు కూడా ప్రకటన భాషలోనే, అదే అక్షరాలలో, స్పష్టంగా కనబడేలా ఉండాలని అందులో ఉంది. తెలుగులో పెద్దగా రాసి, మూలన ఇంగ్లీషులో చీమ తలకాయంత షరతులు రాయడం ఇందుకు విరుద్ధం. తప్పుదారి పట్టించే ప్రకటనకు మొదటిసారి రూ.10 లక్షల వరకు, మళ్లీ చేస్తే రూ.50 లక్షల వరకు జరిమానా వేసే అధికారం ఆ సంస్థకు ఉంది.

40 శాతం తగ్గింపు అని ప్రకటించి, తగ్గిన ధర మీద పన్ను వేరుగా వసూలు చేసిన ఒక వ్యాపార సంస్థ వ్యవహారం జాతీయ వినియోగదారుల కమిషన్ వరకు వెళ్లింది. గరిష్ఠ చిల్లర ధరలో పన్నులన్నీ కలిసే ఉంటాయి కనుక, తగ్గింపు ఇచ్చాక మళ్లీ పన్ను కలపడం అనుచితమని 2017లో కమిషన్ తేల్చింది. ముందుగా తెలియజేయకుండా డబ్బు కట్టే చోట చేతిసంచికి ధర వేయడం కూడా తగదని 2020 డిసెంబరులో అదే కమిషన్ చెప్పింది. వంద, రెండు వందల కోసం కూడా పట్టు వదలని మామూలు కొనుగోలుదారుల వల్లనే ఇలాంటి తీర్పులు వచ్చాయన్నది గమనార్హం.

పన్ను గురించి ఇంకో మాట. రెడీమేడ్ దుస్తులపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ మారింది. ఒక్కొక్కటి రూ.2,500 వరకు ఉంటే 5 శాతం, దాటితే 18 శాతం. చీటీ మీద "అన్ని పన్నులతో కలిపి" అని ఉంటే, బిల్లులో ఆ పైన పన్ను వేశారేమో చూసుకోవాలి.

బయలుదేరే ముందు, బిల్లు కట్టే ముందు

కొనవలసిన వాటి జాబితా ఇంటి దగ్గరే రాసుకోవాలి. ఎవరికి ఏమి, ఎంతలో అన్నది పక్కనే వేసుకోవాలి. సార్వా మదుపు సొమ్ము విడిగా తీసి ఇంట్లోనే ఉంచాలి. ఫోను ద్వారా చెల్లించే రోజులివి కనుక చేతిలో నోట్లు అయిపోయినా ఖర్చు ఆగదు. ఆ రోజుకు హద్దు ముందే అనుకుని ఇంట్లో ఇద్దరూ దానికి కట్టుబడాలి.

దుకాణంలో శాతం అడగవద్దు, రూపాయలు అడగాలి. "నా దగ్గర మూడు వేలుంది, ఈ లోపలివే చూపించండి" అని మొదటే చెప్పాలి. బోర్డు చూసి వెళ్లినవారు, ఆ తగ్గింపు ఏ సరుకుకో ముందే అడిగి అక్కడికే వెళ్లాలి. నచ్చకపోతే "మరో చోట చూసి వస్తామండీ" అని లేచి రావాలి. నిజంగా మంచి ధర అయితే గంట తర్వాత కూడా అది మంచి ధరే. ఒకే రకం సరుకు కనీసం రెండు చోట్ల చూడాలి. పెళ్లికి పెట్టుబడి బట్టలు ఎక్కువగా కావలసినవారు రాజమహేంద్రవరం తాడితోట వంటి టోకు మార్కెట్లో ధర కనుక్కుంటే, తగ్గింపు బోర్డుల అసలు రంగు తెలుస్తుంది. అంతేకాదు, మామూలు రోజుల్లో పట్నం వెళ్లినప్పుడు ధరలు చూసి గుర్తు పెట్టుకున్నవారిని ఆషాఢంలో ఎవరూ మభ్యపెట్టలేరు.

బోర్డును, ధర చీటీని ఫోనులో ఫొటో తీసుకోవాలి. చీటీని ఇంటికి తెచ్చుకోవాలి. బిల్లు అడిగి తీసుకోవాలి. తెల్ల కాగితం మీద అంకెలు వేసి ఇస్తే ఒప్పుకోరాదు. ఇబ్బంది వస్తే ముందు దుకాణదారుతో మర్యాదగా మాట్లాడాలి. అక్కడ తేలకపోతే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రంలో తెలుగులోనే ఫిర్యాదు చెప్పవచ్చు. అదీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయాలి. కొన్న ఊరిలోనే కాక, మనం నివసించే జిల్లాలో కూడా వేయవచ్చు. చెల్లించిన సొమ్ము రూ.5 లక్షల లోపు అయితే రుసుము లేదు. వకీలును పెట్టుకోనక్కరలేదు.

నిజాయితీ వర్తకుడికీ నష్టమే

ఈ పోటీలో నలిగిపోతున్నది కొనేవారొక్కరే కాదు. ఉన్న ధర ఉన్నట్టు చెప్పే చిన్న కొట్టు ముందు జనం ఆగడం లేదు. "పక్క కొట్లో సగానికే ఇస్తున్నారు" అని వెళ్లిపోతున్నారు. ఆ వర్తకుడు కూడా బతకాలంటే చీటీ పెంచి, బోర్డు కట్టక తప్పని పరిస్థితి వస్తోంది. అబద్ధానికి గిరాకీ ఉంటే నిజం చెప్పేవాడు కొట్టు కట్టేసుకోవలసిందే. దీన్ని ఆపడం తూనికలు, కొలతల శాఖ, పౌర సరఫరాల శాఖ బాధ్యత. ఆషాఢం అంతా అయ్యాక కాక, బోర్డులు లేచిన మొదటి వారంలోనే తనిఖీలు జరగాలి. వర్తక సంఘాలు కూడా ముందుకు వచ్చి, తగ్గింపుకు ముందు నెలలో అమ్మిన ధరను చీటీ మీద వేయాలని తమలో తాము నిబంధన పెట్టుకుంటే వారి మాటకే విలువ పెరుగుతుంది.

అంతవరకు మన చేతిలో ఉన్న ఆయుధం ఒకటే. దుకాణం తనతో తానే బేరమాడుకుని తేల్చిన ధరకు తలూపవలసిన అవసరం ఎవరికీ లేదు. "ఎంత తగ్గించారు?" అన్నది వారి ప్రశ్న. "నాకిది కావాలా? ఇంత ధర చేస్తుందా?" అన్నవి మన ప్రశ్నలు. ఈ రెంటికీ జవాబు దొరికాకే సంచి తెరవాలి. అప్పుడు ఇంటి పెట్టుబడీ నిలుస్తుంది, పొలం పెట్టుబడీ నిలుస్తుంది.